పరిశ్రమల సమాఖ్యలో 'ఉపాధి, నైపుణ్యాల' టీమ్: లోపల జరిగే పనేంటి?

మధ్యాహ్నమేఘం

అందరికీ నమస్కారం. పబ్లిక్ పాలసీలో పీజీ చివరికొచ్చింది. ఒక పెద్ద పరిశ్రమల సమాఖ్య వాళ్ళు తమ 'ఉపాధి, నైపుణ్యాల' పాలసీ టీమ్‌లో జూనియర్ పోస్టుకి ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ప్రకటన ఎన్నిసార్లు చదివినా వీళ్ళు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి ఏం చేస్తారో బోధపడలేదు. "సభ్య సంస్థల అభిప్రాయాలను ప్రభుత్వానికి చేరవేయుట" అని ఉంది, అంతే. ఉన్నమాట చెప్తే నాకో భయం కూడా ఉంది. కార్మికుల హక్కులకి కత్తెర వేసే పనికి పెట్టుకున్న మర్యాదైన పేరు ఇదే అయితే నాకొద్దు. లోపల పనిచేసినవాళ్ళు గానీ, బల్లకి అటువైపు కూర్చున్నవాళ్ళు గానీ ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

పాతఫైలు

అలాంటి టీమ్‌లో చాలా ఏళ్ళు చేసి బయటికొచ్చినవాణ్ణి. సమాఖ్య పేరు మాత్రం అడక్కండి.

బయటివాళ్ళు పెద్ద బలగం అనుకుంటారు గానీ లోపల ఉండేది గుప్పెడు మంది. ఒకరి దగ్గర కార్మిక చట్టాలు, ఒకరి దగ్గర జీతాలు-పింఛన్లు, ఒకరి దగ్గర అప్రెంటిస్‌షిప్పులు, శిక్షణ. కొన్ని దేశాల్లో అయితే వలస కార్మికుల వీసాల ఫైలు కూడా ఇక్కడే ఉంటుంది. పైన ఒక హెడ్. మంత్రి పక్కన ఫొటోలో ఉండేది ఆయన, ఆయన జేబులో ఉండే రెండు పేజీల నోట్ రాసేది మీరు.

ప్రభుత్వం ఒక ముసాయిదా బయటపెడుతుంది. 2014లో కేంద్రం పెట్టుకున్న ముందస్తు సంప్రదింపుల విధానం ప్రకారం చట్టాల ముసాయిదాలు కనీసం 30 రోజులు జనం ముందుంచాలి. ఆ గడువులోపల దాన్ని చదివి, ఎవరికి ఎక్కడ తగులుతుందో తేల్చి, సభ్యులకి పంపి, జవాబులు రాబట్టి, కమిటీ చేత అవుననిపించి, సబ్మిషన్ (రాతపూర్వక అభిప్రాయం) పంపాలి. జవాబులు ఎవరు పంపుతారో తెలుసా? సొంత లీగల్ డిపార్ట్‌మెంటు ఉన్న నాలుగైదు పెద్ద కంపెనీలు. మిగతావాళ్ళని ఫోన్ చేసి బతిమాలుకోవాలి.

అసలు తలనొప్పి అప్పుడు మొదలవుతుంది, ఎందుకంటే సభ్యులకి వాళ్ళలో వాళ్ళకే పడదు. కనీస వేతనం తీసుకోండి. ఇప్పటికే అంతకన్నా ఎక్కువ ఇస్తున్న పెద్ద కంపెనీకి అది పెరిగితే నష్టం లేదు. తక్కువ జీతాలిచ్చి తక్కువ రేటుకి కోట్ చేసే పోటీదారుడికి కళ్ళెం పడుతుంది కాబట్టి లోలోపల సంతోషమే. అదే కంపెనీకి విడిభాగాలు చేసే చిన్న యూనిట్ మాత్రం మూసుకోవాల్సి వస్తుందంటుంది. ఇద్దరూ సభ్యత్వ రుసుము కట్టినవాళ్ళే, కాబట్టి మీరు రాసే కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టగలగాలి. "దశలవారీగా", "తగినంత వ్యవధి ఇచ్చి", "క్షేత్రస్థాయి పరిస్థితులను బట్టి" లాంటి మాటలు పుట్టేది అక్కడే. బయటివాళ్ళకి అవి మోసపు మాటల్లా కనిపిస్తాయి. చాలాసార్లు అవి రాత్రి పది దాకా జరిగిన ఇంటిగొడవ తర్వాత మిగిలిన రాజీ.

మంత్రిని ఒప్పించడం కన్నా సొంత సభ్యుల్ని ఒప్పించడమే ఈ ఉద్యోగంలో పెద్ద భాగం.

ఎర్రచొక్కా

పాతఫైలు గారు బాగా చెప్పారు గానీ మరీ మెత్తగా చెప్పారు. నేను యూనియన్ మనిషిని, ముందే చెప్తున్నా. సభ్యులకి వంద విషయాల్లో పడకపోవచ్చు. కార్మికుడి బేరమాడే శక్తి దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకే మాట.

ఉదాహరణకి సమ్మె హక్కు. సంఘాలు పెట్టుకునే స్వేచ్ఛ మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 1948లో చేసిన 87వ ఒప్పందంలో సమ్మె హక్కు కూడా ఇమిడి ఉందని ఆ సంస్థ నిపుణుల కమిటీ దశాబ్దాలుగా చెప్తూ వచ్చింది. 2012 జెనీవా సమావేశంలో యజమానుల బృందం అడ్డం తిరిగింది. ఒప్పందంలో ఆ మాటే లేదు, నిపుణులు సొంతంగా చేర్చారు అన్నారు. ఆ ఏడాది ఏయే దేశాల ఉల్లంఘనల మీద చర్చించాలో జాబితా కూడా తేలకుండానే కమిటీ ముగిసింది. పీటముడి విడక చివరికి 2023 నవంబరులో ఐఎల్‌ఓ పాలకమండలి అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అభిప్రాయం అడగాల్సి వచ్చింది. ఆ వాదన తయారుచేసింది కూడా ఏదో ఒక ఆఫీసులో కూర్చున్న "ఉపాధి విధాన" టీములే కదా. ఇందులో సభ్యుల ఇంటిగొడవ ఎక్కడుంది?

అమ్మాయి అడిగిన రెండో ప్రశ్నకి నా జవాబు: అవును, కత్తెర పని కూడా ఉంటుంది.

పాతఫైలు

ఒప్పుకుంటా. కానీ అక్కడ యజమానులకి కుర్చీ ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 1919లో ఐఎల్‌ఓ పెట్టినప్పుడే ప్రతి దేశం నుంచి నలుగురు ప్రతినిధులు రావాలని నియమం చేశారు: ప్రభుత్వం నుంచి ఇద్దరు, కార్మికుల నుంచి ఒకరు, యజమానుల నుంచి ఒకరు. మరుసటేడు, 1920లో, యజమానుల అంతర్జాతీయ సంస్థ ఐఓఈ పుట్టింది. అంటే యజమానుల తరఫున మాట్లాడే మనిషిని ఆ వ్యవస్థే కోరుకుంది. మీ కుర్చీ, మా కుర్చీ ఒకే నిబంధనలోంచి వచ్చాయి అన్నా.

మేఘం గారూ, ఇంటర్వ్యూకి పనికొచ్చే ఇంకో ముక్క. చాలా దేశాల్లో "పరిశ్రమ" సంఘాలు, "యజమానుల" సంఘాలు వేరువేరుగా పుట్టాయి. మొదటివి పన్నులు, ఎగుమతుల గురించి మాట్లాడతాయి. రెండోవి యూనియన్లతో బేరం కోసం పుట్టినవి. జర్మనీలో ఇవాళ్టికీ పరిశ్రమ సంఘం బీడీఐ వేరు, యజమానుల సంఘం బీడీఏ వేరు. బ్రిటన్‌లో 1965లో కలిపేసి సీబీఐ అనే పరిశ్రమల సమాఖ్య చేశారు (మన సీబీఐ కాదు, దాడులు చేయదు). కలిసిపోయినచోట, పాత యజమానుల సంఘం పనంతా కొత్త సంస్థలో ఒక విభాగంగా బతుకుతుంది. మీరు చేరబోయే టీమ్ వంశవృక్షం దాదాపు ఇదే.

లేత్‌మాస్టారు

ఇన్ని పెద్ద విషయాల మధ్య చిన్న గొంతు. నాది చిన్న మెషిన్ షాపు. సంఘంలో సభ్యత్వం ఉంది. దానికి నాకొచ్చేది ఏటా ఒక డైరీ, అప్పుడప్పుడు ఒక సర్వే లింకు. ఆ సర్వే మీద "ఇది మీ హెచ్‌ఆర్ విభాగాధిపతి నింపవలెను" అని ఉంటుంది. నా దగ్గర హెచ్‌ఆర్ విభాగాధిపతి నేనే, అకౌంటెంట్ నేనే, కరెంటు పోతే జనరేటర్ వేసేదీ నేనే. ప్రశ్నలు సగం దాకా చూసి మూసేస్తా.

తర్వాత పేపర్లో వార్త: "నైపుణ్యం గల కార్మికుల కొరతతో పరిశ్రమ సతమతం". నన్ను అడిగితే కొరత కథ వేరేగా చెప్తాను. కుర్రాడు వస్తాడు. కొలతలు తీసే వెర్నియర్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పిస్తా. చేయి తిరిగే వేళకి పక్కనున్న పెద్ద ఫ్యాక్టరీ రెండు వేలు ఎక్కువిచ్చి తీసుకుపోతుంది. వాణ్ణి తప్పుపట్టను, నేనైనా వెళ్తా. కోడిపిల్లల్ని మేపేది నేను, ఎత్తుకుపోయేది గద్ద. ఆ గద్దే మళ్ళీ సంఘంలో నైపుణ్యాల కమిటీకి చైర్మన్!

బ్లాక్‌బోర్డు

😀 మాస్టారూ, చైర్మన్ గారు మా ఐటీఐకి కూడా ముఖ్య అతిథిగా వచ్చారు. "మీ సిలబస్ పాతబడింది" అని సెలవిచ్చి వెళ్ళారు.

అంకెలపిచ్చి

లేత్‌మాస్టారు గారి పోస్టులోనే ఈ చర్చ మొత్తం ఉంది. అందుకే కొంచెం నిలబడి మాట్లాడతా.

"నైపుణ్యం ఉన్నవాళ్ళు దొరకడం కష్టంగా ఉందా?" అని ఏ యజమానిని అడిగినా అవుననే అంటాడు. ఇప్పుడిచ్చే జీతానికి ఇంకా మంచి మనిషి దొరికితే కాదనేవాళ్ళెవరు? అందుకే కొరత సర్వేలు చదివేటప్పుడు నేను పక్కన ఇంకో మూడు చూస్తా. ఆ వృత్తిలో జీతాలు మిగతావాటికన్నా వేగంగా పెరిగాయా? ఖాళీ పోస్టులు నిజంగా ఎక్కువ కాలం ఖాళీగా ఉన్నాయా? అదే కంపెనీలు శిక్షణ ఖర్చు పెంచాయా? మూడూ కదలకపోతే అది నైపుణ్యాల కొరత కాదు, జీతాల కొరత. అయితే కొరత ఎప్పుడూ బూటకం అని కూడా నేననను. వెల్డింగ్‌లో, నర్సింగ్‌లో జీతం పెంచితే రేపు పొద్దున్నే మనుషులు మొలకెత్తరు, తయారవడానికి ఏళ్ళు పడుతుంది.

ఇక గద్ద సంగతి. నేను నేర్పితే పక్కవాడు ఎత్తుకుపోతాడు కాబట్టి నేనూ నేర్పను. అందరూ ఇలాగే అనుకుంటే ఎవరూ నేర్పరు. విడిగా ఏ కంపెనీ దీన్ని తీర్చలేదు, ఉమ్మడిగానే తీరాలి. ఆ ఉమ్మడి ఏర్పాటు ఎలా ఉండాలి, డబ్బెవరిది, పెత్తనమెవరిది అన్నదాని మీదే ఈ టీములు జీవితకాలం పోట్లాడతాయి.

ఒక దారి లెవీ. అందరి దగ్గరా జీతాల బిల్లు మీద కొంత వసూలు చేసి నేర్పినవాళ్ళకి ఇవ్వడం. బ్రిటన్ 1964 చట్టంతో రంగాలవారీ బోర్డులు పెట్టి చేసింది. 80లలో చాలావాటిని రద్దు చేసింది, నిర్మాణ రంగపు బోర్డు మాత్రం మిగిలింది. ఫ్రాన్స్ 1971లో జీతాల బిల్లులో 0.8 శాతం శిక్షణకి ఖర్చుపెట్టి తీరాలంది. సింగపూర్‌లో 1979 నుంచి నైపుణ్యాల లెవీ నడుస్తోంది. వీటన్నిటికన్నా నాకు నచ్చేది బ్రెజిల్. 1942లో పెట్టిన సెనాయ్ అనే శిక్షణ సంస్థకి డబ్బు పరిశ్రమల జీతాల బిల్లులో 1 శాతం వసూలుగా వస్తుంది. నడిపేది ఆ దేశపు పరిశ్రమల సమాఖ్యే. అంటే లాబీయింగ్ చేసే సంస్థే బడులూ నడుపుతుంది. ఫిర్యాదు చేయాల్సింది తన మీద తనే!

మధ్యాహ్నమేఘం

అద్భుతం. మరి లెవీ పెడితే సమస్య తీరినట్టేనా? సమాఖ్యలు సాధారణంగా లెవీకి అడ్డం కదా?

అంకెలపిచ్చి

తీరదు. బ్రిటన్ 2017 ఏప్రిల్‌లో మళ్ళీ అప్రెంటిస్‌షిప్ లెవీ తెచ్చింది. ఏడాది జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటిన యజమానులు 0.5 శాతం కట్టాలి. కట్టింది వాళ్ళ ఖాతాలోనే ఉంటుంది, మొదట్లో 24 నెలల్లో వాడుకోకపోతే పోయేది. అప్రెంటిస్‌లు పెరగాలి కదా? ఇంగ్లండ్‌లో 2016-17లో కొత్తగా మొదలైన అప్రెంటిస్‌షిప్పులు 4,94,900. తర్వాతి ఏడు 3,75,800.

కారణాలు చాలా ఉన్నాయి, నియమాలు మారాయి, చిన్న సంస్థలు తమ వాటా కట్టాల్సొచ్చింది. కానీ ఆసక్తికరమైనది ఇంకోటి. ఎలాగూ కట్టేశాం కాబట్టి పెద్ద కంపెనీలు ఆ డబ్బుతో ఉన్న ఉద్యోగులకే మేనేజ్‌మెంట్ డిగ్రీల్లాంటివి చేయించడం మొదలుపెట్టాయి. దాన్నీ అప్రెంటిస్‌షిప్ అనే అన్నారు. బడి నుంచి వచ్చిన పదిహేడేళ్ళ కుర్రాడి స్థానం తగ్గింది. పరిశ్రమ సంఘాలేమో "లెవీ బిగుసుకుపోయింది, పొట్టి కోర్సులకీ వాడుకోనివ్వండి" అని ఏళ్ళ తరబడి అడిగాయి. అడిగినదాంట్లో న్యాయం ఉంది. కానీ ఇచ్చేస్తే కుర్రాళ్ళకి మిగిలేది ఇంకా తగ్గే ప్రమాదమూ ఉంది. 2024లో వచ్చిన ప్రభుత్వం దాన్ని 'వృద్ధి, నైపుణ్యాల లెవీ'గా మారుస్తానంది.

బ్లాక్‌బోర్డు

జర్మనీ గురించి ఎవరూ చెప్పకపోతే నేను చెప్తా, అది నా రంగం.

అక్కడ ఒక వృత్తికి శిక్షణ నియమాలు మార్చాలంటే యజమానుల సంఘం పంపిన నిపుణులు, యూనియన్ పంపిన నిపుణులు ఒకే గదిలో కూర్చుని రాయాలి. మధ్యలో బీఐబీబీ అనే కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ. కంపెనీలో పని, వారంలో కొంత బడి. చివరి పరీక్ష పెట్టేది స్థానిక చాంబర్ (పరిశ్రమల, వాణిజ్య మండలి) కిందనున్న బోర్డు. అందులో యజమానుల వైపు, కార్మికుల వైపు సమానంగా ఉంటారు, ఒక ఉపాధ్యాయుడైనా ఉండాలి. చాంబర్లో సభ్యత్వం ఇష్టాన్ని బట్టి కాదు, చట్టం ప్రకారం తప్పనిసరి. అంటే "సిలబస్ పాతబడింది" అని ఫిర్యాదు చేసే పరిశ్రమ మనిషిని "అయితే నువ్వే వచ్చి రాయి, శనివారం వచ్చి పేపర్లు దిద్దు" అనొచ్చు.

ఇక్కడ మేము పరిశ్రమని రెండే అడుగుతాం: వాడకంలో ఉన్న మెషిన్ ఒకటి, దాన్ని నడిపే మనిషి వారానికి ఒక పూట. ఎంవోయూ మీద సంతకం పెట్టే రోజు ఫొటోకి పది మంది వస్తారు. ఆ మనిషి మాత్రం రాడు. నాకు సమాఖ్యల మీద ద్వేషం లేదు. అడగడానికి టీమ్ పెట్టుకున్నవాళ్ళు ఇవ్వడానికి కూడా ఒక టీమ్ పెట్టుకోవాలన్నదే నా గొడవ.

పాతఫైలు

జర్మనీని మరీ దేవాలయం చేయకండి. 2004లో అక్కడ కుర్రాళ్ళకి శిక్షణ సీట్లు చాలలేదు. శిక్షణ ఇవ్వని కంపెనీల మీద లెవీ వేస్తామని బిల్లు తెచ్చారు, ఆ మే నెలలో దిగువసభలో నెగ్గింది కూడా. జూన్ వచ్చేసరికి సమాఖ్యలు ప్రభుత్వంతో శిక్షణ ఒడంబడిక కుదుర్చుకున్నాయి: ఏటా 30,000 కొత్త శిక్షణ స్థానాలు వెతికి పెడతాం, మీరు లెవీ జోలికి రాకండి అని. లెవీ ఆగిపోయింది.

మా వృత్తిలో దీన్ని పాఠంలా చెప్పుకుంటాం. చట్టం వద్దు అని ఊరికే అనకూడదు, చట్టం బదులు ఇది చేస్తాం అనాలి. ఎర్రచొక్కా గారు ఇప్పుడు "మరి స్వచ్ఛంద హామీకి జవాబుదారీ ఎవరు" అంటారు...

ఎర్రచొక్కా

అననక్కర్లేదు, మీరే అనేశారు.

మన దగ్గరి లెక్క కూడా చూద్దాం. 1961 అప్రెంటిస్‌ల చట్టంలో ఉల్లంఘించిన యజమానికి ఆరు నెలల దాకా జైలు అని ఉండేది. 2014 సవరణలో జైలు పోయి జరిమానా మిగిలింది. బదులుగా ఏమొచ్చింది? 30 మంది అంతకు మించి ఉన్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని పెట్టుకోవాలని 2019 నియమాలు చెప్పాయి. దాని ముందే, 2016 నుంచి, స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి రూ.1,500 మించకుండా, కేంద్రమే భరించే పథకం వచ్చింది. పరిశ్రమకి భయం తీసేశారు, డబ్బూ ఇచ్చారు.

పరిశ్రమకే పగ్గాలిచ్చిన ప్రయోగం కూడా ఉంది. 2008లో ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంతో జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ, దాని కింద రంగాలవారీ నైపుణ్య మండళ్ళు. ఆ మండళ్ళ మీద వేసిన శారదా ప్రసాద్ కమిటీ 2016లో ఇచ్చిన నివేదిక ప్రయోజనాల వైరుధ్యాన్ని, అంటే నిర్ణయాలు చేసేవాళ్ళకే వాటిలో సొంత లాభం ఉండడాన్ని, ఎత్తిచూపింది. సెనాయ్ కథ విని మురిసిపోయే ముందు ఇది కూడా చదవాలి.

మోడరేటర్

ఫలానా పార్టీ, ఫలానా నాయకుడు అంటూ మొదలైన రెండు పోస్టులు తీసేశాను. చర్చ బాగా నడుస్తోంది, పాడుచేయకండి.

మధ్యాహ్నమేఘం

పాతఫైలు గారూ, ఒక సందేహం. ఉపాధి, నైపుణ్యాలు ఒకే టీమ్‌లో ఎందుకు పెడతారు? చదువుతుంటే రెండూ వేరే విషయాల్లా ఉన్నాయి.

పాతఫైలు

మంచి చోట పట్టుకున్నారు. ఈ టీములో అందరూ చూసీ చూడనట్టు ఉండే సంగతి ఇదే.

రెండూ వేరే విషయాలు కావు, ఒకదాన్నొకటి కొట్టేసే విషయాలు. నైపుణ్యాల డెస్కు రాసే కాగితంలో "మనుషుల మీద దీర్ఘకాలం పెట్టుబడి పెట్టాలి" అని ఉంటుంది. ఉపాధి డెస్కు రాసే కాగితంలో "నియామకాల్లో, తొలగింపుల్లో వెసులుబాటు కావాలి, నిర్ణీత కాలపు కాంట్రాక్టులకి వీలుండాలి" అని ఉంటుంది. రెండూ ఒకే లెటర్‌హెడ్ మీద, ఒక్కోసారి ఒకే నెలలో వెళ్తాయి. పదకొండు నెలల కాంట్రాక్టు మీద ఉన్నవాడికి రెండేళ్ళ శిక్షణ ఏ యజమాని ఇస్తాడు? ఎప్పుడు తీసేస్తారో తెలియని చోట, ఆ ఒక్క కంపెనీకే పనికొచ్చే పని ఏ కుర్రాడు శ్రద్ధగా నేర్చుకుంటాడు?

నేనున్న చోట ఈ రెండు డెస్కుల మధ్య ఒక అద్దం తలుపు ఉండేది. ఒకరి ముసాయిదా ఇంకొకరు చదవాలని ఆఫీసు నియమం కూడా ఉండేది. చదివేవాళ్ళు కాదు. చదివితే గొడవ పడాలి కదా, గడువేమో రేపు సాయంత్రానికి.

ఎవరు నెగ్గుతారు అంటే, ఎక్కువసార్లు ఉపాధి డెస్కే. తొలగింపు నిబంధన మారితే కంపెనీకి ఈ త్రైమాసికంలోనే తేడా తెలుస్తుంది. సిలబస్ మారితే ఐదేళ్ళకి తెలుస్తుంది, అప్పటికి ఆ హెచ్‌ఆర్ డైరెక్టరే అక్కడ ఉండడు. సభ్యులు దేనికి ఫోన్ చేసి తిడతారో సమాఖ్య బలం అటే పోతుంది. నైపుణ్యాల మీద ఎవరూ ఫోన్ చేసి తిట్టరు, సదస్సు పెడితే మాత్రం అందరూ వస్తారు.

ఎర్రచొక్కా

మీ నోట ఇది విన్నాక నాకు పనేముంది. ఒక్కటి జతచేస్తా. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లలో (పాత కార్మిక చట్టాల్ని కలిపి చేసిన కొత్త చట్టాలు), తొలగింపుకి ప్రభుత్వ అనుమతి కావాల్సిన ఫ్యాక్టరీల పరిమితి 100 మంది కార్మికుల నుంచి 300కి పెరిగింది. అది ఉపాధి డెస్కు గెలుపు. నిర్ణీత కాలపు ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ అన్నది మాత్రం మా వాళ్ళు కూడా స్వాగతించాల్సిందే. నేర్పించడం గురించి కోడ్‌లలో ఉన్నది చాలా తక్కువ. ఉద్యోగం తీసేసినవాడికి కొత్త నైపుణ్యం నేర్పే నిధి ఒకటుంది, యజమాని 15 రోజుల జీతం కట్టాలి. 15 రోజుల జీతంతో కొత్త వృత్తి!

లేత్‌మాస్టారు

ఎర్రచొక్కా గారూ, 300 అన్నా 100 అన్నా నాకు తేడా లేదు, నా దగ్గర అంతా కలిపి డజను మంది. నన్ను కూడా పెద్ద కంపెనీలతో కలిపి "యజమానులు" అనేస్తారు, అదే బాధ. మీ యూనియన్ కూడా మా షాపు గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు లెండి.

ఎర్రచొక్కా

ఆ మాట నిజమే. అక్కడ మేమూ మీ సంఘమూ ఒకటే.

అంకెలపిచ్చి

యజమానుల ప్రతినిధులు ఎప్పుడూ అడ్డుపుల్లలే అనే ముద్ర పడకుండా ఒక్క ఉదాహరణ. బ్రిటన్ జాతీయ కనీస వేతనం 1999 ఏప్రిల్‌లో గంటకి 3.60 పౌండ్లతో మొదలైంది. ముందు పరిశ్రమ వైపు నుంచి ఉద్యోగాలు పోతాయన్న హెచ్చరికలు చాలా వచ్చాయి. కానీ రేటు సూచించే కమిషన్‌లో తొమ్మిది మంది: యజమానుల నేపథ్యం ముగ్గురు, యూనియన్ నేపథ్యం ముగ్గురు, స్వతంత్రులు ముగ్గురు. సీబీఐ నుంచి వెళ్ళినవాళ్ళూ అందులో కూర్చున్నారు. అక్కడ నినాదం చెల్లదు. "ఈ రేటుకి ఈ రంగంలో ఎన్ని గంటలు తగ్గుతాయి, ఆధారం చూపించు" అని పక్కవాడు అడుగుతాడు. చెప్పినంత ఉద్యోగ నష్టం జరగలేదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి, మెల్లగా పరిశ్రమ కూడా ఆ వ్యవస్థతో సర్దుకుంది.

ఇదే టీమ్, ఇవే మనుషులు. బయట నిలబడి ఉత్తరం రాసినప్పుడు ఒకలా, లోపల కూర్చుని అంకె మీద సంతకం పెట్టాల్సొచ్చినప్పుడు ఇంకోలా ప్రవర్తిస్తారు.

కొత్తసభ్యుడు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఈ లాబీయింగ్ ఎక్కడైనా నమోదవుతుందా? ఎవరు ఎవర్ని కలిశారో మనకి తెలుస్తుందా?

పాతఫైలు

దేశాన్ని బట్టి. అమెరికాలో 1995 చట్టం ప్రకారం నమోదు తప్పనిసరి, మూడు నెలలకోసారి లెక్క చెప్పాలి. ఐరోపా సంఘానికి పారదర్శకత రిజిస్టర్ ఉంది. బ్రిటన్ 2014 చట్టం ఇతరుల తరఫున డబ్బు తీసుకుని లాబీయింగ్ చేసే కన్సల్టెంట్లకే వర్తిస్తుంది, సమాఖ్య సొంత టీమ్ దాని కిందికి రాదు. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టమే లేదు.

మేఘం గారు ఒక పని చేయొచ్చు. ఆ సమాఖ్య బహిరంగంగా పెట్టిన పాత సబ్మిషన్లు తీసి, చివరికి వచ్చిన చట్టంతో పక్కపక్కన పెట్టి చదవండి. వాళ్ళు అడిగిన వాక్యం ఎక్కడ యథాతథంగా దిగిందో చూస్తే పలుకుబడి ఎంతో తెలిసిపోతుంది. సబ్మిషన్లు అసలు బయటపెట్టని సమాఖ్య అయితే అదీ ఒక జవాబే.

మధ్యాహ్నమేఘం

ఇంటర్వ్యూతో పాటు గంట రాత పరీక్ష ఉందట. ముసాయిదా నియమం ఒకటి ఇచ్చి నోట్ రాయమంటారట. ఏం చూస్తారు?

పాతఫైలు

ఒక్క పేజీ దాటనివ్వకండి. "పరిశ్రమ వృద్ధికి మానవ వనరులే పునాది" లాంటి మొదటి పేరా రాస్తే దిద్దేవాడు అక్కడే ఆగిపోతాడు.

సభ్యుల్లో ఈ నియమం ఎవరికి తగులుతుంది, ఎవరికి లాభిస్తుంది, విడదీసి రాయండి. అందరినీ "పరిశ్రమ" అనకండి, లేత్‌మాస్టారు గారు చూస్తున్నారు. తర్వాత అభ్యంతరం. దాని కిందే బదులు వాక్యం, చట్టం భాషలో. మంత్రిత్వ శాఖలో ముసాయిదా రాసే అధికారికి మీ అభిప్రాయంతో పెద్ద పని ఉండదు. నచ్చితే ఎత్తి పెట్టుకోవడానికి వాక్యం కావాలి. "15(2)లో 'ఆరు నెలల్లోగా' బదులు 'పన్నెండు నెలల్లోగా' అని మార్చాలి, ఎందుకంటే..." ఇలా. ఎదుటివైపు యూనియన్ ఏమంటుందో రెండు లైన్లు కూడా రాయండి. చాలామంది రాయరు.

బ్లాక్‌బోర్డు

శిక్షణ నియమం ఇస్తే ఎవరు నేర్పాలి, ఏ మెషిన్ మీద, ఆ గంటలకి జీతం ఎవరివ్వాలి అన్నది కూడా రాయమ్మా. పాలసీ నోట్లు చాలా చదివాను, ఇన్‌స్ట్రక్టర్ అనే ప్రాణి ఎక్కడా కనపడడు.

మధ్యాహ్నమేఘం

రాసుకున్నాను. ఇంటర్వ్యూలో "మీరేమైనా అడగాలా" అంటే నేను అడగబోయేది ఇదీ: నైపుణ్యాల డెస్కు కాగితం, ఉపాధి డెస్కు కాగితం ఒకదానికొకటి ఎదురు పడితే చివరి మాట ఎవరిది? మరీ పొగరుగా ఉంటుందా?

పాతఫైలు

అడగండి. "మా దగ్గర అలా ఎదురు పడవు" అంటే వాళ్ళు ఒకరి కాగితాలు ఒకరు చదవట్లేదని అర్థం. ఫలానా సారి పడింది, ఇలా తేల్చుకున్నాం అని పేరు, సందర్భంతో సహా చెప్పగలిగితే అక్కడ చేరొచ్చు. జీతం సంగతి మాత్రం ముందే మాట్లాడుకోండి. నైపుణ్యానికి తగిన జీతం ఇవ్వాలని ఊరంతటికీ చెప్పే సమాఖ్యలు జూనియర్లకి ఇచ్చేది చూస్తే ఎర్రచొక్కా గారు మీ చేత యూనియన్ పెట్టిస్తారు.

ఎర్రచొక్కా

సభ్యత్వ ఫారం పంపమంటారా?

లేత్‌మాస్టారు

ముందు ఉద్యోగం రానివ్వండి సామీ. వస్తే మాత్రం తల్లీ, ఆ సర్వేని పది ప్రశ్నలకి కుదించి తెలుగులో పెట్టించు. నింపి పంపుతా, ఒట్టు.